సున్నం కింది జోళ్ళు

ఆ ఏడు మా తోటకి స్వతంత్రం సున్నం వాసనతో వచ్చింది.

జూలైలో లారీ మీద సున్నం బస్తాలు దిగాయి. ఆగస్టు నెలాఖరున మెర్డెకా, అంటే స్వతంత్ర దినం. జెండా ఎగరేస్తారు, మిఠాయి పంచుతారు, పక్క తోటల దొరలు కుటుంబాలతో వస్తారు. అప్పటికి కూలీల ఇళ్ళ వరసలు, మేము లైన్లు అనేవి, అన్నీ తెల్లగా ఉండాలని మా దొర ఆజ్ఞ. లైన్ల చుట్టూ ఉన్న ముళ్ళకంచె మాత్రం తీయరు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులతో పోరు ఇంకా ముగియలేదు. కంచె గుంజలకి కూడా సున్నం వేయమన్నారు.

మా నాన్న గోపాలసామి ఆ రబ్బరు తోటకి పెద్ద కిరాణి, అంటే గుమాస్తా. సుంగై సుమున్ ఊరికి బస్సులో పోయేవాళ్ళకి మా తోటలో మొదట కనబడేది మూడో లైను చివరి గోడ. దాని మీద పెద్ద బొమ్మ ఉండాలని దొరసాని ముచ్చటపడింది. కొత్త జెండా, కొబ్బరిచెట్లు, పొడిచే సూర్యుడు, నవ్వుతూ పాల కోసం రబ్బరు చెట్టు బెరడు కోసే ఆడమనిషి. వేయాల్సింది నేను. బాగా కుదిరితే, సింగపూర్‌లో చిత్రలేఖనం నేర్పే బడిలో ఉన్న తన స్నేహితురాలికి నా గురించి చెప్తానంది.

నాకు ఇరవై రెండేళ్ళు. జార్జ్ టౌన్‌లో చదువు ముగించుకుని వచ్చి, పొద్దున తోట బడిలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నాలు గది తలుపేసుకుని నీటిరంగులతో సముద్రాలు వేసేదాన్ని. మా తోటలో సముద్రం లేదు. తడి కాగితం మీద నీలాన్ని పలచగా ఎలా పరచాలో జార్జ్ టౌన్ బడిలో టీచరమ్మ నేర్పింది కాబట్టి వేసేదాన్ని. నేను వేస్తున్నది నేను చూసింది కాదని నాకు లోపల ఎక్కడో తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచడానికి మనసు ఎంత కష్టపడుతుందో, ఆ కష్టానికే మనిషి ఎంత అలిసిపోతాడో, ఆ రోజుల్లో నాకు బాగా అనుభవం.

గోడ కొలవడానికి అమ్మ కుట్టుటేపు పట్టుకుని మూడో లైనుకి వెళ్ళాను. కిరాణి ఇంటి ఆడపిల్ల లైన్లలోకి పోకూడదని మా ఇంట్లో నియమం. అందువల్ల ఆ గోడని దగ్గర నించి చూడడం అదే మొదలు.

గోడ నిండా కాళ్ళు. మోకాళ్ళ దగ్గర తెగిపోయిన కాళ్ళు, వరసలు వరసలుగా ఒక పొడుగాటి పలక అంచు మీద నించి వేలాడుతున్నాయి. పగిలిన మడమలు, విచ్చుకున్న వేళ్ళు, కింద నించి చూస్తే కనబడే అరికాళ్ళు. బొగ్గుతో నలుపు, బట్టల నీలిమందుతో నీలం. వాటి చుట్టూ బెల్లం పాకంలా మెరిసే గీతలు, వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగులుతున్నాయి. మనిషి ఒంటి కొలతలు అసలు లేవు. ఒక కాలు నా అంత ఉంది. పక్కది అరచేయంత. కిందికి, ఎడమ మూలన, అన్నిటికీ వేరుగా ఒక జత జోళ్ళు. తాళ్ళు కట్టిన జోళ్ళు, మడమలు నేలకి ఆనించి.

నాకు నవ్వొచ్చింది. బయటికే నవ్వాను.

"ఏటమ్మా కిరాణి పిల్లా, గోడకి జాకెట్టు కుట్టిస్తావేటి?" అంది కుళాయి దగ్గర బట్టలుతుకుతున్న ఒక ఆవిడ, నా చేతిలో టేపు చూసి. ఆవిడ పేరు ఎర్రమ్మ అని తరవాత తెలిసింది. "మెడ కాడ కొంచెం ఒదులుగా ఎట్టించు. దానికి ఉబ్బసం."

ఎవరు వేశారని అడిగాను.

"ఇంకెవులు? ఆ ఇంట్ల ఉన్నాది గదా మా పోలమ్మ. పిచ్చి కాదు, అడక్కు. అందరూ అదే అడగతారు."

ఎదుట నిలబడలేనిది కనిపిస్తే మనిషికి మొదట వచ్చేది నవ్వు. కోపం తరవాత వస్తుంది. ఇంటికి వచ్చి నా బొమ్మ నమూనా ముందు కూచున్నాక నాకు కోపం వచ్చింది. అందులో నా నవ్వుతున్న ఆడమనిషి పాదాలు గడ్డిలో ఉన్నాయి. పాత కాగితాలు తీసి చూశాను. పడవల్లో మనుషులు, పొదల వెనక మనుషులు, పొడుగు లుంగీల్లో మనుషులు. నేను ఏ బొమ్మలోనూ పాదాలు వేయలేదు. వేయడం రాక దాచాను, దాచానని కూడా గమనించకుండా దాచాను. చదువులేని మనిషి ఒకతె అవే తప్ప ఇంకేమీ వేయకుండా కూచుంది.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. ఈసారి టేపు తీసుకెళ్ళలేదు.

పోలమ్మ గోడ ముందు గొంతుక్కూచుని ఉంది. యాభై దాటిన మనిషి, సన్నటి చేతులు, తలకి చుట్టిన గుడ్డ. పొద్దుట చెట్లు కోసిన బట్టల్లోనే ఉంది. ఎండిన రబ్బరు పాలతో ఆ చీర అట్టలా బిగిసిపోయి ఉంది. పక్కన ఒక రేకు డబ్బా, అందులో పాలు. నమిలిన కొబ్బరి ఈనె ముంచి ఒక బొటనవేలికి గోరు దిద్దుతోంది.

ఆ డబ్బా నాకు తెలుసు. తెల్లారి పనికి పోయేవాళ్ళు కంచె గేటు దగ్గర అలాంటి డబ్బాలే మూత తీసి బోర్లించి చూపించాలి. అడవిలో వాళ్ళకి ఒక్క మెతుకు చేరకూడదని బయటికి పోయే ప్రతి మనిషినీ వెతికేవారు. లోపలికి వచ్చేవాళ్ళని ఎవరూ వెతికేవారు కాదు. ఖాళీగా వెళ్ళిన డబ్బా నిండుగా తిరిగి వచ్చేది.

"పోలమ్మత్తా, కాళ్ళే ఎందుకు వేస్తావు?"

ఆమె వెనక్కి తిరగలేదు. "మొకాలు గేపకం నేవు."

"ఎవరి మొహాలు?"

"లారీ ఎక్కినోలవి. జపానోల కాలం. సయాంల రైలుకట్ట ఏస్తన్నారని తోలుకుపోనారు గదా. మా పెద్దోడు అప్పడు, ఆడి తమ్ముడు, ఈ ఎర్రమ్మ పెనిమిటి. లారీ ఎనకాల అంచు మీద కూకోబెట్టినారు. నాను నేల మీద కూలబడిపోనాను. ఇంక నాకేటవుపడతాది? కాళ్ళు. ఇలా, నా మొకం ముందర నించే ఎల్లిపోనాయి." ఈనెతో గాలిలో ఒక గీత గీసి చూపించింది. "ఒక్కటీ తిరిగి రానేదు. ఈ కంచె ఏసి మమ్మల్ని ఇక్కడ కుక్కినాక గోడ దొరికినాది. అప్పుట్నించి ఏస్తన్నాను."

"ఎవరు నేర్పారు?"

"ఏటి నేర్పుతారు లా. ఏడవడం ఎవులైనా నేర్పుతారేటి?" అంది, మలాయీ పలుకుబడిలో మాట చివర 'లా' తగిలించి. అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు నేర్సుకున్నావంట గదా. ఏటి నేర్పినారు?"

"సముద్రం."

పోలమ్మ చాలాసేపు నవ్వింది. నొప్పించే నవ్వు కాదు. నాకూ నవ్వొచ్చింది.

మూలనున్న జోళ్ళు చూపించి, "మరి ఇవి?" అన్నాను.

ఈనె తీసి చీరకి తుడుచుకుంది. "అయి ఏలాడనేదు. నేల మీదే ఉన్నాయి."

ఎర్రమ్మ బకెట్టు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మా తోటలో అప్పుడూ ఇప్పుడూ తాళ్ళ జోళ్ళు వేసుకునే తెలుగువాడు ఒక్కడే.

ఆ సాయంత్రం అమ్మ వసారాలో కూచుని రోజూ చేసే పనే చేస్తోంది. నాన్న తెల్ల కేన్వాసు జోళ్ళకి తడిసుద్ద పూసి, ఆరడానికి గోడకి ఆనించింది. మా అమ్మ రత్నావతికి ఆ పనిలో గర్వం ఉండేది. దొర జోళ్ళకన్నా తెల్లగా ఉంటాయనేది. నేను చూస్తూ నిలబడ్డాను. చిన్నప్పటి దృశ్యం ఒకటి నాలో ఎప్పుడూ ఉంది. ఒక రోజు నాన్న పనినించి వచ్చి, అమ్మని దగ్గరికి రానివ్వకుండా, కుళాయి కింద తన జోళ్ళు తనే కడుక్కున్నాడు. ఎంతసేపో కడిగాడు. ఎందుకు గుర్తుందో తెలియకుండానే అది నాకు గుర్తుండిపోయింది. ఆ సాయంత్రం ఆ జ్ఞాపకానికి పోలమ్మ చెప్పిన లారీ తోడయింది. లారీ పక్కన నిలబడి పేర్లు పిలిచేవాడు ఒకడు కావాలి కదా. పేర్లు తెలిసినవాడు కిరాణి.

ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. నాన్న ఇంటినించి రబ్బరు పాలు తూచే కొట్టుకి సైకిలు మీద వెళ్తాడు. మూడో లైను పక్కనించి పోతే దగ్గర. కంచె పడినప్పటినించీ ఆయన బావి చుట్టూ తిరిగి దూరం దారిలో వెళ్తున్నాడు. చెట్ల నీడ ఉంటుందని చెప్పేవాడు. మేము నమ్మాము. ఆయన కూడా నమ్మాడనే అనుకుంటాను.

భోజనాల దగ్గర, వేరే గోడ ఏదైనా ఇమ్మని నాన్నని అడిగాను.

"ఆ గోడే. రేపే సున్నం పడతాది," అన్నాడు.

"బొమ్మకి ఇంకా చాలా టైముంది నాన్నా."

"కూలీల మేస్త్రీ, మండోరు మణియం ఏటన్నాడో తెలుసా? అది సుమ్మా, ఊరికే ఏసిన బొమ్మ కాదు, కాట్లో, అడవిలో ఉన్నోళ్ళకి గుర్తులు అన్నాడు. ఇన్ని కాళ్ళుంటే ఇంతమంది పోలీసులొస్తన్నారని అర్థమంట. ఈ మాట గేటు కాడ పోలీసుల చెవిన పడితే ఆ మనిషిని బండెక్కించి తీసుకుపోతారు. నేను ఆమె మంచికే చెప్తన్నాను."

ఆయన గొంతు ఎప్పటికన్నా మెత్తగా ఉంది. నాన్న భయపడినప్పుడు అరవడు. మర్యాదగా మారిపోతాడు.

"సయాంకి లారీలు వెళ్ళినప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు?"

అమ్మ చేతిలో గరిటె ఆగింది.

"పనిలో," అన్నాడు నాన్న. కంచం పక్కకి నెట్టి, "అది జపానోళ్ళ కాలం. చెప్పిన పని చేసినోళ్ళు బతికినారు. నువ్వు తిన్నది ఆ కూడే," అన్నాడు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు మణియం సున్నం బకెట్టు తెచ్చి పోలమ్మ ముందే పెట్టాడు. "నువ్వు ఏసినావు, నువ్వే పుయ్యి. ఇంక ఒక్క గీత పడిందో, మూట కట్టుకొని గేటు దాటాలి. ఏ తోటలోనూ నీకు పని ఇవ్వరు."

"తోట నీ అబ్బదేటి మణియం?"

"నా అబ్బది కాదు, దొరది."

"మరి దొర వచ్చి సెప్పమను. నీకేల ఆయాసం?"

అయినా పూసింది. కాళ్ళన్నీ ఒక్కొక్కటిగా తెల్లబడ్డాయి. నేను చెట్టు కింద నిలబడి చూశాను. ఆమె ముఖంలో బాధ వెతికాను. అక్కడ ఉన్నది బాధ కాదు. వాన వెలిసేదాకా చూరు కింద ఆగే మనిషి ముఖం అది.

మధ్యాహ్నం ఎండకి సున్నం ఆరింది. అప్పుడు చూశాము. బొగ్గు గీతల మీద, నీలం మీద సున్నం గట్టిగా పట్టుకుంది. రబ్బరు పాల గీతల మీద మాత్రం పట్టలేదు. పొరలు పొరలుగా పగిలి లేస్తోంది. నేను ఒక చోట గోటితో గీకాను, సున్నం రాలింది. పోలమ్మ నన్ను పక్కకి జరిపి, ఆ గీత కొస బొటనవేలితో లేపి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని లాగింది. గీత మొత్తం తాడులా ఊడి వచ్చింది. సున్నం కూడా దానితోనే వచ్చేసింది. తెల్ల గోడలో కాలు ఆకారాన ఒక చీకటి సందు.

"ఓలమ్మ, మానుకి మల్లేనే," అంది ఎర్రమ్మ.

చెట్టు కోసేవాళ్ళు ప్రతి తెల్లవారీ చేసే పని అది. నిన్నటి కోత మీద పాలు ఎండి నాడాలా అంటుకుని ఉంటాయి. కొత్తగా కత్తి పెట్టే ముందు ఆ నాడా కొస పట్టుకుని ఒక్క లాగుడులో ఊడబెరుకుతారు. దాన్ని ఒట్టుపాలు అంటారు. ఏళ్ళ తరబడి లాగిన వేళ్ళకి కళ్ళు అక్కరలేదు.

పోలమ్మ చేతిలో ఆ తాడు చుట్టుకుంది. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాము. ముందు ఎవరికి తట్టిందో ఇప్పటికీ చెప్పలేను.

"అత్తా, మొత్తం బొమ్మంతా పాలతోనే వేసి పైన సున్నం కొడితే?"

"అడుగున ఎర్రమన్ను పడాల. అప్పుడు రగతం మల్లే తేల్తాది. తెప్పించగలవేటి?"

"తెప్పిస్తాను."

"నీ సింగపూరు?"

దొరసాని మాట లైన్లలోకి ఎలా చేరిందో. "అక్కడ కూడా సముద్రమే నేర్పుతారు," అన్నాను.

తెప్పించడం తేలికే అయింది. పెద్ద బొమ్మకి ఎర్రమన్ను అడుగు పూత ఉండాలని, లేకపోతే రంగు నిలవదని నాన్నతో చెప్పాను. ఎండకి రంగు పగలకుండా గోడకి అడ్డంగా కొబ్బరాకు తడికలు కట్టించాలన్నాను. చదువుకున్నదాని మాటకి తోటలో ఉన్న విలువని ఆ నెల మొత్తం వాడుకున్నాను. కర్రపెండలం గంజి కలిపిన ఎర్రమన్నుతో గోడంతా పూశాము. తడికల వెనక పోలమ్మ మొదలుపెట్టింది.

నేను అప్పటిదాకా బొమ్మ వేయడం అంటే దూరంగా నిలబడడం అనుకున్నాను. ఆమె గోడకి దగ్గరగా, దాదాపు ఒరుసుకుంటూ వేసేది. వెనక్కి జరిగి చూసుకునేది కాదు. గీత తప్పుతుందని భయం లేదు, తప్పితే అది ఇంకో కాలికి వేలు అయ్యేది. ఒక్కో గీత మీద రెండోసారి, మూడోసారి పాలు పోసేది, లాగితే తెగకుండా ఉండాలని. ఆమె వేస్తున్నది నేను చూసి మురిసిపోవడానికి కాదు, ఎవరూ చూడకపోయినా వేసేదే. ఆ సంగతి నన్ను భయపెట్టింది. అంతకాలం నా ప్రతి గీతా ఎవరో ఒకరు తలాడించడం కోసం గీసిందే.

ఒక రోజు ఈనె నా చేతిలో పెట్టింది. "ఒక కాలు నువ్వెయ్యి."

"నాకు రాదు అత్తా."

"కాలు నేదేటి నీకు? సెప్పు ఇడిసి సూడు."

చెప్పులు విప్పి, ఎర్రమట్టిలో నా పాదం పెట్టి, దాన్ని చూస్తూ వేశాను. వంకరగా వచ్చింది. పోలమ్మ తల పక్కకి వంచి చూసింది.

"ఇది ఎల్లిపోయే కాలా, నిలబడే కాలా?"

"తెలీదు."

"అది తెల్సుకోని ఎయ్యి. వేళ్ళు ఎన్నైనా పరవానేదు."

రెండోది వేశాను. ఆమె ఈనె తీసుకుని దాని పక్కనే తన గీత మొదలుపెట్టింది. ఏ టీచరమ్మ పెట్టిన మార్కులూ నాకు అంత తృప్తినివ్వలేదు.

ఆఖరున ఎడమ మూల మిగిలింది. అక్కడ ఏం వేస్తుందో నాకు తెలుసు. ఆమె ఈనె ముంచి నా వైపు చూసింది. వద్దని అడగడానికి నాకు వీలుంది. అడిగితే మానేసేదేమో కూడా. మా అమ్మ సుద్ద పూస్తున్న చేతులు కళ్ళ ముందుకి వచ్చాయి. నేను అడగలేదు.

"ఉన్నాయి గదా. ఉన్నాయి ఎయ్యాల," అని తనే అనుకుంది పోలమ్మ. తాళ్ళతో సహా వేసింది.

పాలు ఆరాక సున్నం కొట్టాము. గోడ తెల్లగా, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

"బొమ్మ ఎంతవరకూ వచ్చినాది?" అని ఇంట్లో నాన్న అడిగితే, "తెల్లగా వస్తోంది," అన్నాను. అది కొత్త పద్ధతి అనుకున్నాడు.

మెర్డెకా ఉదయం కొత్త జెండా ఎగిరింది. బడి పిల్లలు పాడారు. దొరలు, దొరసానులు కుర్చీల్లో కూచున్నారు. ఉతికిన చొక్కాల్లో కూలీలు వాళ్ళ వెనక నిలబడ్డారు. నాన్న తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల జోళ్ళు వేసుకుని, దొర మాట తెలుగులోకీ అరవంలోకీ, మా మాట ఇంగ్లీషులోకీ చెప్తూ మధ్యలో ఉన్నాడు. తడికలు తీయమని దొర చెయ్యి ఊపాడు. మణియం తాళ్ళు కోశాడు.

తెల్ల గోడ.

దొరసాని నా వైపు తిరిగి చూసింది. నాన్న కూడా చూశాడు. నేను గోడనే చూస్తున్నాను.

గుంపులోనించి పోలమ్మ నడుచుకుంటూ వెళ్ళింది. తొందర లేదు, పొద్దుటి చెట్టు దగ్గరికి వెళ్ళినట్టే వెళ్ళింది. గోడ మీద అరచేత్తో తడిమి, ఒక చోట బొటనవేలు ఆనించి, లాగింది. తెల్లలో ఎర్రటి గీత తెరుచుకుంది. మడమ. ఇంకోటి లాగింది. వేళ్ళు.

వెనక ఎర్రమ్మ అంది, "ఏటి సూస్తన్నారు లా, ఒట్టుపాలు ఎన్నడూ తీయనట్టు? రండే."

ఒక్కొక్కరే వచ్చారు. తరవాత అందరూ. చీర కొంగులు బొడ్డున దోపుకుని, గోడకి ఈ చివర నించి ఆ చివర దాకా ఆడవాళ్ళు. సర్‌మని తాళ్ళు ఊడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తెల్ల గోడలో ఎర్రటి కాళ్ళు, వరస మీద వరస, వేలాడుతూ. ఎర్రమ్మ ఒక చిటికెనవేలు దగ్గర ఆగిపోయింది. దాన్ని వంకరగా వేసింది పోలమ్మ. "ఆడిదే," అంది ఎర్రమ్మ, ఇంకెవరితోనూ కాదు. గోడకి చెంప ఆనించి కొంచెంసేపు అలాగే ఉండి, మళ్ళీ లాగడం మొదలుపెట్టింది.

దొర చప్పట్లు కొట్టాడు. ఇదంతా వేడుకలో భాగం అనుకున్నాడు. మిగతా దొరలూ కొట్టారు. మణియం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దొర మెచ్చినదాన్ని ఏ గుర్తనీ ఇంక అనలేడు.

అంతా తేలాక ఎడమ మూలన కొంత చోటు మిగిలింది. సున్నం అక్కడ ఉబ్బెత్తుగా ఉంది. ఆడవాళ్ళు ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. దొర కర్రతో చూపించి, అక్కడ ఏముందో అడగమన్నాడు.

నాన్న పోలమ్మని అడిగాడు. ఆయన గొంతు చాలా మర్యాదగా ఉంది.

"అయి జోళ్ళు," అంది పోలమ్మ. "ఏసుకున్నాయనే తీసుకోవాల. నాను తియ్యను."

కూలీలంతా నేల వైపు చూశారు. మావాళ్ళ పాదాల మధ్య తాళ్ళ జోళ్ళు ఒకే జత.

"ఏమంటోంది?" అన్నాడు దొర.

నాన్న పెదవులు తడుపుకున్నాడు. ఇంగ్లీషులో చెప్పాడు, "ఆ ముక్క ఇంకా పూర్తి కాలేదంటోంది సర్."

"అయితే పూర్తి చెయ్యమను. గోడ అలాగే ఉండనీ," అన్నాడు దొర. నా చిన్నప్పటినించీ ఎన్నో మాటలు నాన్న నోటి మీదుగా ఒక భాషలోనించి ఇంకో భాషలోకి దాటాయి. ఆయన ఒక మాటని దాటనివ్వకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. దాటనివ్వకుండా ఆపి, అదే నోటితో ఆ గోడకి ప్రాణం పోశాడు.

దొరసాని నా దగ్గరికి వచ్చింది. ఎంత గొప్ప ఆలోచన నీది, సింగపూర్‌లో చెప్తాను, అంది.

"నాది కాదు. పోలమ్మ వేసింది. అందులో రెండు కాళ్ళు మాత్రం నావి," అన్నాను.

ఆమె పోలమ్మ వైపు చూసి చిరునవ్వు నవ్వింది, కుర్చీలోకి వెళ్ళి కూచుంది. సింగపూర్ మాట మళ్ళీ రాలేదు.

ఇంటికి వచ్చాక నాన్న జోళ్ళు విప్పకుండానే వసారాలో నిలబడ్డాడు. "నీకు తెలుసు. ముందే తెలుసు."

"తెలుసు."

"అయినా వెయ్యనిచ్చినావు. తోట మొత్తం ముందు."

"తోట మొత్తానికీ నాకన్నా ముందే తెలుసు నాన్నా. మనింట్లోనే తెలియనట్టు ఉన్నాం."

"ఈ ఇంట్లో ఉండాలంటే..." అని ఆగాడు.

"ఉండను. జార్జ్ టౌన్ పోతాను. మామయ్యకి తెలిసిన బోర్డులు రాసే కొట్టుంది. పని ఇస్తారు."

"కిరాణి కూతురు కొట్లకి బోర్డులు రాస్తుందా?"

"రాస్తుంది."

అమ్మ అంతవరకూ తలుపు దగ్గరే ఉంది. నన్ను వెనకేసుకొస్తుందనీ అనుకోలేదు, తిడుతుందనీ అనుకోలేదు. ఆమె నాన్న జోళ్ళ వైపు చూస్తోంది. "ఇన్నేళ్ళు ఆటికి సుద్ద రాసింది నేనే కదే," అంది. లోపలికి వెళ్ళి నా పెట్టె దించింది. వసారాలో సుద్ద ఉండే చిప్ప ఆ సాయంత్రం ఆరిపోయి అలాగే ఉండిపోయింది. అమ్మ ఆ చిప్పని ఇంకెప్పుడూ తడపలేదని చాలా కాలానికి విన్నాను.

తెల్లవారి నాన్న నాతో మాట్లాడలేదు. కానీ పెట్టె తనే మోసి సైకిలు వెనక కట్టాడు. ముడి వేస్తుంటే ఆయన వేళ్ళు చూశాను. గోళ్ళ కింద తెల్లగా ఉంది. పండగకి ఊరంతా సున్నమే కదా అనుకున్నాను. సైకిలు నడిపించుకుంటూ ముందు నడిచాడు. బావి దగ్గర దారి చీలే చోట ఆగలేదు. తిన్నగా మూడో లైను వైపు తిప్పాడు.

గోడ దగ్గరికి వచ్చేసరికి ఆయన తల తిప్పకుండా రోడ్డు దాకా వెళ్ళిపోయి, బస్సు ఆగే చోట నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను ఆగాను.

పోలమ్మ ఎడమ మూల ముందు గొంతుక్కూచుని ఉంది. జోళ్ళ మీది సున్నం లేదు. ఎవరో లాగారు. లాగడం రాని చెయ్యి. గీత మూడు నాలుగు చోట్ల తెగింది, తెగిన చోటల్లా గోళ్ళతో గీకి, పక్కనున్న సున్నం కూడా పెళ్ళలుగా ఊడబెరికారు. తాళ్ళు చెరిగిపోయాయి. ఒక కాలి జోడు ఆకారం మాత్రం తెలుస్తోంది, రెండోది వట్టి ఎర్రటి గాయం.

"ఎవరు అత్తా?"

"నాకేటి తెల్సు? తెల్లారేసరికి ఇలా ఉన్నాది." రోడ్డు వైపు ఒకసారి చూసింది. బస్సు హారన్ దూరంగా వినబడుతోంది. "ఎన్నడూ కత్తి పట్టని చెయ్యి. కొస దొరకనేదు, మద్దిన పట్టుకోని పీకినాడు. పీకితే తెగిపోదేటి?"

ఆమె గొంతులో కోపం లేదు, జాలి లేదు. పని పాడైనందుకు పని తెలిసినవాళ్ళకి ఉండే విసుగు ఉంది. ఒళ్ళో రేకు డబ్బా ఉంది. ఆ పొద్దుట గేటు దగ్గర దాన్ని బోర్లించి చూపించి, నింపుకుని రావాలి.

నేను జార్జ్ టౌన్‌లో చాలా ఏళ్ళు బోర్డులు రాశాను. సినిమా తెరల మీదకన్నా పెద్ద మనుషుల్ని వేశాను. ఏ మనిషినైనా ఇప్పటికీ పాదాలనించే మొదలుపెడతాను. వెళ్ళిపోయే పాదాలా, నిలబడే పాదాలా అని తేలేదాకా పైకి పోను. కొట్టు యజమాని విసుక్కునేవాడు. విసుక్కోనిచ్చాను.

ఆ ఉదయం బస్సు మలుపు తిరిగింది. "నేను వెళ్ళొస్తాను అత్తా," అన్నాను.

పోలమ్మ అప్పటికే తెగిన గీత మీద బొటనవేలు పెట్టి, అది ఎక్కడ మొదలైందో వెతుకుతోంది.

"ఎల్లు, ఎల్లు. సక్కగా రానేదు ఇది," అంది. "మళ్ళీ ఏస్తాను లా."